ఏడింటి పాట, పదకొండింటి పాట

గోదావరిఖనిలో ఎగ్జిబిషన్ నడిచినన్నాళ్ళూ మైక్ సెట్ పిల్లగాడికి ఒక తిట్టు తప్పదు.

"ఏం తమ్మీ, పొద్దుపోయినకొద్ది సౌండ్ పెంచుకుంటనే పోతున్నవ్. తెల్లారి ఫస్ట్ షిఫ్ట్‌కు పోయేటోళ్ళు పండుకోవద్దా?"

"నేను ముట్టుకోనే లేదు కాకా. ఏడు గంటలకు ఏడ పెట్టిన్నో ఆడ్నే ఉన్నది."

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. పెట్టెమీద మీట కదల్లేదు. అయినా ఏడింటికి పక్క వీధికి సరిగ్గా అందని పాట, పదకొండింటికి కిలోమీటరు అవతల గని కార్మికుల క్వార్టర్ల డాబా మీద పడుకున్నవాడి చెవిలో దూరింది. పెంచినదెవరంటే గాలి. ఇంకా వెనక్కి వెళ్ళి అడిగితే, పగలంతా నిప్పులు చెరిగిన ఎండ.

ఈ ఎండ సంగతి గోదావరిఖని ఉన్న రామగుండం ప్రాంతం వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మే నెలలో వాతావరణ శాఖ రోజూ ఇచ్చే పట్టికలో రామగుండం పేరు పైవరసల్లోనే ఉంటుంది. 44, 45 డిగ్రీలంటే ఇక్కడ మామూలు మాట. అదీ నీడలో, గాలి ఆడే తెల్లటి చెక్కపెట్టెలో, మనిషి ఛాతీ ఎత్తున పెట్టిన థర్మామీటరు చూపే లెక్క. బొగ్గు లారీలు తిరిగి నల్లబడ్డ రోడ్డు, గుండ పరుచుకున్న యార్డు, ఓపెన్‌కాస్ట్ గనుల చుట్టూ పోసిన మట్టి గుట్టలు ఎండను ఎంత మింగుతాయో ఆ పెట్టెకు తెలియదు. నేల గాలికంటే చాలా ఎక్కువగా కాలుతుంది. ఆ నేలకు ఆనుకున్న గాలి దాని వేడిని పట్టుకుంటుంది. దానిపైన పొర కొంచెం తక్కువ, ఆపైది ఇంకొంచెం తక్కువ. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా గాలి ఇలా కింద వేడిగా, పైన చల్లగా పొరలు పొరలుగా నిలబడి ఉంటుంది.

ధ్వనికి ఈ పొరలతో పని ఉంది. వేడి గాలిలో అణువులు చురుగ్గా తిరుగుతాయి, ఒకదాని తోపు ఇంకొకదానికి త్వరగా అందుతుంది. అందుకే సున్నా డిగ్రీల దగ్గర సెకనుకు 331 మీటర్లు పోయే ధ్వని, 30 డిగ్రీల్లో 349 మీటర్లు, 40 డిగ్రీల్లో 355 మీటర్లు పోతుంది. తేడా చిన్నదే. కానీ ఒకే అలకు కింది అంచు వేడిగాలిలోనూ పై అంచు చల్లటి గాలిలోనూ ఉంటే, కింది అంచు ముందుకు ఉరుకుతుంది, పై అంచు వెనకపడుతుంది. అల మొత్తం పైకి తిరుగుతుంది. పాట నేలను వదిలి ఆకాశం దారి పడుతుంది.

ఎంతగా తిరుగుతుందో లెక్క వేయవచ్చు. గాలి సుమారు 37 డిగ్రీలు ఉండి, ఎత్తు పది మీటర్లు పెరిగితే ఒక డిగ్రీ చొప్పున తగ్గుతోందనుకుందాం. అప్పుడు ధ్వని దారి ఆరు కిలోమీటర్ల పైచిలుకు వ్యాసార్ధం ఉన్న వలయంలో ఒక ముక్కలా వంగుతుంది. ఐదు మీటర్ల ఎత్తున స్పీకరు కడితే, దాదాపు 400 మీటర్లు దాటాక నేలమీద నిలబడ్డ మనిషి తలమీదుగా పాట వెళ్ళిపోతుంది. అక్కడి నుంచి మొదలయ్యేది ధ్వని నీడ. చెట్టుకింద నీడలో కూడా కొంత వెలుతురు ఉన్నట్టే, ఈ నీడలోనూ కొంత పాట ఉంటుంది. వేడికి ఉడికే గాలిలో లేచే సుడులు కొన్ని అలలను చెదరగొట్టి కిందికి తోస్తాయి. అందుకే సాయంత్రం దూరం నుంచి వినే పాట ఒక చరణం వినిపించి, ఒక చరణం మాయమై, మళ్ళీ ఎక్కడో తేలుతుంది. గాయకుడు మైకు దూరంగా పట్టుకున్నాడేమో అనుకుంటాం. పాపం, అతని తప్పేమీ లేదు.

ఇక పొద్దుగూకుతుంది. ఎగ్జిబిషన్‌లో జనం పెరిగేది అప్పుడే. జెయింట్ వీల్‌కు లైట్లు పడతాయి, కొలంబస్ ఊగడం మొదలవుతుంది, చేటంత ఢిల్లీ అప్పడం పట్టుకుని పిల్లలు దుమ్ములో పరుగెత్తుతారు. మిర్చి బజ్జీల బండి దగ్గర నూనె, నేలమీద చల్లిన నీళ్ళ తడి, జనరేటర్ డీజిల్ కలిసి ఒకే వాసనగా వస్తాయి. స్టేజీమీద ఆర్కెస్ట్రా వాళ్ళు "హలో, చెక్" అంటుంటారు. ఈ హడావుడిలో ఎవరూ పట్టించుకోని పని ఒకటి నేల చేస్తూ ఉంటుంది. పగలంతా మింగిన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంటుంది. మే నెలలో ఇక్కడి గాలి పొడిగా ఉంటుంది, మబ్బు ఉండదు. నేలనుంచి వెళ్ళే వేడిని అడ్డుకుని వెనక్కి పంపే దుప్పటి పలచన. గాలి వీచకుండా ఉంటే నేల వేగంగా చల్లారుతుంది. దాన్ని ఆనుకున్న గాలి దానితోపాటే చల్లారుతుంది. పైపొరలు మాత్రం పగటి వేడిని ఇంకా మోస్తూనే ఉంటాయి. మధ్యాహ్నపు వరస తలకిందులవుతుంది. కింద చల్లన, పైన వెచ్చన.

దీన్నే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. పేరు భయపెడుతుంది గానీ ఈ బొగ్గుగనుల బెల్టులో పెరిగినవాళ్ళు దాన్ని కళ్ళతో చూసే ఉంటారు. ఇళ్ళలో బొగ్గు పొయ్యిలు వెలిగే రోజుల్లో చలికాలపు సాయంత్రాలు కాలనీమీద పొగ ఒక ఎత్తున ఆగిపోయి, బల్లపరుపుగా పరుచుకునేది. ఇప్పుడైతే జ్యోతినగర్ వైపు ఎన్టీపీసీ చిమ్నీలు చూడండి. మండే మధ్యాహ్నం పొగ మెలికలు తిరుగుతూ కిందికీ పైకీ పడిలేస్తుంది. గాలి కదలని తెల్లవారుజామున అదే పొగ గీత గీసినట్టు అడ్డంగా సాగుతుంది. వెచ్చటి పొర మూతలా పైన కూర్చుంటే కింది చల్లటి గాలికి లేచే బలం ఉండదు. జెయింట్ వీల్ ఎక్కినవాళ్ళు "పైన చల్లగా ఉంది" అంటారు. అది కొంతవరకు చక్రం తిరిగేటప్పుడు తగిలే గాలి. ఊరి వెలుపల, పొలాల మధ్య, గాలి నిలిచిన రాత్రి అదే ఎత్తున థర్మామీటరు పెడితే నేలమీదకంటే ఎక్కువ చూపే అవకాశమే ఎక్కువ.

ఇప్పుడు పాట గతి మారుతుంది. పై అంచు వెచ్చటి గాలిలో ఉరుకుతుంది, కింది అంచు వెనకపడుతుంది, అల కిందికి వంగుతుంది. పైన వేసిన లెక్కనే తిరగేస్తే, ఐదు డిగ్రీల వాలుతో పైకి బయల్దేరిన ధ్వని 24 మీటర్ల ఎత్తు దాకా లేచి, కిలోమీటరు దాటాక నేలకు దిగుతుంది. దారిలో గోడలు, చెట్లు, మూడంతస్తుల క్వార్టర్లు ఉన్నా వాటి నెత్తిమీదుగా వచ్చి దిగుతుంది. (ఓపెన్‌కాస్ట్ మట్టి గుట్టల్ని దాటడం మాత్రం దానికి అంత తేలిక కాదు.) నేలకు తగిలినది మళ్ళీ లేచి మళ్ళీ దిగుతుంది. పట్టణం నడిబొడ్డున సిమెంటు, తారు రాత్రంతా వేడి వదులుతూ ఉంటాయి కనుక విలోమం బలహీనంగా ఉంటుంది. ఊరి అంచు దాటి గోదావరి ఒడ్డు, పొలాల వైపు వెళ్ళేకొద్దీ గట్టిపడుతుంది. ఎగ్జిబిషన్ మైదానం పక్కనున్నవాడికంటే ఊరి చివరనున్నవాడు ఎక్కువ గొణగడానికి కారణం ఇదే కావచ్చు. పైగా వేసవి రాత్రి అందరూ ఆరుబయటే. లోపల కూలర్ పెట్టుకుని పడుకున్నవాడికి ఆ ఫ్యాను హోరే చెవులకు తెర. డాబా మీద నులక మంచం వేసుకున్నవాడికి తెర లేదు.

సంఖ్యల్లో చూస్తే తేడా ఇంకా స్పష్టం. స్పీకరుకు ఒక మీటరు దూరంలో 110 డెసిబెళ్ళు ఉన్న ధ్వని, ఏ అడ్డంకీ లేకుండా పరుచుకుంటూ పోతే దూరం రెండింతలైన ప్రతిసారీ ఆరు డెసిబెళ్ళు కోల్పోతుంది. కిలోమీటరు దగ్గరికి చేరేసరికి 50. సాయంత్రం ధ్వని నీడ అందులోంచి ఇంకో ఇరవై కోసుకుంటే 30 మిగులుతుంది. వాహనాల రొదలో అది ఎవరికీ వినపడదు. రాత్రి ఆ కోత ఉండదు, వాహనాలూ ఉండవు.

ఈ వంపును మొదట లెక్కగట్టి చెప్పినవాళ్ళలో ముఖ్యుడు మాంచెస్టర్‌లో ఇంజనీరింగ్ ప్రొఫెసర్‌గా పనిచేసిన ఆస్బర్న్ రెనాల్డ్స్. గొట్టాల్లో నీటి ప్రవాహానికి సంబంధించి "రెనాల్డ్స్ సంఖ్య" అని ఇంజనీరింగ్ విద్యార్థులు బట్టీ పట్టేది ఈయన పేరే. ఎదురుగాలిలో శబ్దం ఎందుకు వినపడదన్నది అప్పటికి తేలని తగువు. గాలికి కొట్టుకుపోతుందని జనం అనుకునేవారు. కానీ ధ్వని వేగం ముందు గాలి వేగం ఎంత? కింద నెమ్మదిగా, పైన వేగంగా వీచే గాలి అలను వంచేస్తుందని శాస్త్రవేత్త స్టోక్స్ 1857లో సూచించాడు. రెనాల్డ్స్ మైదానంలో గంట మోగించి చూశాడు. ఎదురుగాలిలో నేలకు దగ్గరగా వినపడని గంట, తల పైకెత్తితే వినపడింది. శబ్దం పోలేదు, పైకెక్కింది. వేడి పొరలు కూడా ఇదే పని చేస్తాయని 1874లో ప్రచురించిన పత్రంలో చెప్పాడు. మైకు సెట్లు లేని కాలంలో ఆయన ఆసక్తి పొగమంచులో ఓడలకు దారి చూపే శబ్ద సంకేతాల మీద.

కిలోమీటరు దూరం వచ్చిన పాటలో ఏం మిగులుతుంది? మాటలు మిగలవు. అన్ని స్వరాల దగ్గరా గాలి ఒకేలా పన్ను వసూలు చేయదు. 30 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న గాలిలో 125 హెర్ట్జ్ మంద్ర ధ్వని కిలోమీటరుకు అర డెసిబెల్ కూడా పోగొట్టుకోదు. 4000 హెర్ట్జ్ దగ్గర పోయేది ఇరవైకి పైనే. స, ష, చ లాంటి హల్లుల పదును అంతా ఆ పై భాగంలోనే ఉంటుంది. హల్లులు దారిలో రాలిపోతాయి, అచ్చుల గుయ్‌మనే మోత, దాని కింద దడదడ మిగులుతాయి. ఏ పాటో తెలియకపోయినా ఏ తాళమో తెలుస్తుంది. నిద్ర చెడగొట్టడానికి అది చాలు.

ఆ దడదడకు డప్పును నిందిస్తారు. ఇక్కడ డప్పు తరఫున కొంచెం వాదించాలి.

కోల్‌బెల్టులో డప్పు లేని సభ ఉండదు. మేడే ఊరేగింపు, యూనియన్ ఎన్నికలు, బోనాలు, 2011 సకలజనుల సమ్మెలో బాయి (గని) దిగకుండా రోడ్డెక్కిన రోజులు, అన్నిటికీ ముందు నడిచింది అదే. ఎగ్జిబిషన్ స్టేజీమీద సినిమా పాటల ఆర్కెస్ట్రా ఎంతసేపు వాయించినా, డప్పు దళం ఎక్కినప్పుడే కుర్చీలు వెనక్కి జరుగుతాయి. ఎక్కేముందు వాళ్ళు స్టేజీ వెనక చేసే పని చూడటం నాకు పాటకంటే ఇష్టం. ఇంత గడ్డో కాగితాలో అట్టముక్కలో పోగేసి మంటపెట్టి, డప్పును దానిముందు తిప్పుతూ కాస్తారు. మధ్యమధ్య వేలితో తట్టి వింటారు. మళ్ళీ కాస్తారు.

తోలంటే పోగుల అల్లిక. ఆ పోగుల మధ్య నీటితడి చేరితే అవి ఒకదానిమీద ఒకటి జారతాయి, తోలు సాగుతుంది, శబ్దం "బొద్దు" అంటుంది. సెగ తగిలితే తడి ఆరుతుంది, పోగులు దగ్గరికి లాక్కుంటాయి. చట్రం మాత్రం కదలదు కనుక ఆ లాగుడంతా బిగింపుగా మారుతుంది. తడి పోయిన తోలు బరువు కూడా కాస్త తగ్గుతుంది. బిగింపు పెరగడం, బరువు తగ్గడం రెండూ శ్రుతిని పైకే తోస్తాయి. కానీ శ్రుతి బిగింపు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. శ్రుతి రెండింతలు కావాలంటే బిగింపు నాలుగింతలు కావాలి. అందుకే కొంచెం పైస్థాయికి కూడా చాలాసేపు కాయాలి, అత్యాశకు పోతే తోలు చిట్లుతుంది. మంటకు ఎంత దూరంలో, ఎంతసేపు, ఏ వైపు అన్నది చేతికి తెలిసిన విద్య. మే నెల పొడిగాలిలో ఒకసారి కాస్తే చాలాసేపు నిలుస్తుంది. చలికాలంలో అలా కాదు. డిసెంబర్ 23న ఇక్కడి బొగ్గుగనుల కంపెనీ సింగరేణి ఆవిర్భావ దినోత్సవం వస్తుంది. 1920లో కంపెనీ ఏర్పడిన రోజు అది, గోదావరిఖని స్టేడియంలో స్టాళ్ళు, సాంస్కృతిక కార్యక్రమాలు ఉంటాయి. ఆ రాత్రి మంచులో పాటపాటకూ మంట దగ్గరికి పరుగెత్తాల్సిందే. చలికాలం విలోమం వేసవిదానికంటే గట్టిది కూడా, ఆ రాత్రి పాట ఇంకా దూరం పోతుంది.

డప్పుకు శ్రుతి ఉంది గానీ వీణకు ఉన్నలాంటి స్వరం లేదు. లాగి వదిలిన తీగ ఒకేసారి 1, 2, 3, 4 నిష్పత్తుల్లో కంపిస్తుంది, ఆ పూర్ణసంఖ్యల పొందికనే చెవి స్వరం అంటుంది. గుండ్రటి తోలు అలా కంపించదు. దాని కంపనాల వరస 1, 1.59, 2.14, 2.30. పొంతన లేని ఈ గుంపును చెవి స్వరంగా కాక దరువుగా వింటుంది. మరి మృదంగం, తబలా స్వరం పలుకుతాయి కదా? ఈ ప్రశ్న సి.వి. రామన్‌ను పట్టుకుంది. కలకత్తాలో ఉండగా శివకాళి కుమార్‌తో కలిసి 1920లో నేచర్ పత్రికలో రాశాడు, 1934లో మళ్ళీ వివరంగా రాశాడు. తోలు నడుమ నల్లటి పూత పొరలు పొరలుగా వేసి బరువు పెంచడంతో మొదటి కొన్ని కంపనాలు పూర్ణసంఖ్యల వరసలోకి వచ్చి కూర్చుంటాయని తేల్చాడు. చెవినే కొలబద్దగా పెట్టుకుని తరతరాల వాద్యకారులు సాధించిన సవరణ అది. డప్పు ఆ పూత వేసుకోలేదు. దానికి స్వరంతో పనిలేదు. వందలమంది అడుగు ఒకేసారి పడాలంటే కావలసింది చురుక్కుమనే ఆరంభం.

ఆ చురుకు పుల్లలది. ఒక చేతిలో పొట్టిగా లావుగా ఉండే సిర్ర, ఇంకో చేతిలో సన్నగా పొడుగ్గా ఉండే సిటికెన పుల్ల. సన్నటి పుల్ల తోలును తాకి క్షణంలో విడిపోతుంది. తాకిడి ఎంత చిన్నదైతే పైస్థాయి కంపనాలు అంతగా లేస్తాయి. లావు సిర్ర కాస్త ఎక్కువసేపు ఆని కిందిస్థాయిని లేపుతుంది. ఒకే తోలుమీద రెండు గొంతులు.

డప్పుకు వీపు లేదు. ఒకవైపే తోలు, రెండోవైపు బోడి. తోలు ముందుకు నెట్టిన గాలిని, అదే క్షణంలో వెనకవైపు ఏర్పడ్డ లోటు అంచుచుట్టూ తిరిగి లాగేసుకుంటుంది. 150 హెర్ట్జ్ అల పొడవు రెండు మీటర్ల పైమాటే, డప్పు వెడల్పు అడుగున్నర. అంత చిన్న చట్రం అంత పెద్ద అలను ముందువెనకలుగా విడదీసి ఉంచలేదు. కాబట్టి వట్టి డప్పు మంద్రాన్ని దూరం పంపడంలో నిజానికి బలహీనమైనది, దాని బలమంతా ఆ పై చురుకులోనే. దానిముందు మైకు పెట్టి, మనిషెత్తు మూసిన చెక్కపెట్టెల్లోంచి వాయించినప్పుడే మంద్రం వేరే అవతారం ఎత్తుతుంది. వెనకగాలిని పెట్టె బంధిస్తుంది, ముందుగాలి నిరాటంకంగా ఊరిమీద పడుతుంది. అర్ధరాత్రి క్వార్టర్ కిటికీ రెక్క వణికిస్తున్నది తోలూ పుల్లా కాదు, ప్లైవుడ్ పెట్టె.

స్టేజీకి దూరంగా నిలబడితే ఇంకో వింత కనిపిస్తుంది. కళాకారుడి చెయ్యి ముందు పడుతుంది, దెబ్బ తర్వాత వినిపిస్తుంది. వంద మీటర్లకు సెకనులో పావు కంటే కాస్త ఎక్కువ ఆలస్యం. నిమిషానికి 120 దెబ్బల దరువైతే దెబ్బకూ దెబ్బకూ అర సెకను. ఆ లెక్కన 175 మీటర్ల వెనక చప్పట్లు కొట్టేవాడు సరిగ్గా ఒక దెబ్బ వెనకబడి, చూసేవాడికి తాళంలోనే ఉన్నట్టు కనిపిస్తాడు. 90 మీటర్ల దగ్గరివాడు పాపం ఎదురుతాళం కొడుతున్నట్టుంటాడు. మైదానం చివర కర్రకు కట్టిన హారన్ మైకుకు పాట తీగలోంచి తక్షణం చేరుతుంది, స్టేజీ నుంచి గాలిలో వచ్చేది వెనక వస్తుంది. రెండింటి మధ్య సెకనులో ఇరవయ్యో వంతు దాటితే చెవి వాటిని రెండుగా వింటుంది. ప్రకటనలో ప్రతి పేరూ రెండుసార్లు వినిపించేది అందుకే. మంచి మైక్ సెట్‌వాడు వెనక స్పీకర్లకు కావాలని ఆలస్యం పెడతాడు.

తట్టి వినడమన్నది ఈ ఊళ్ళో డప్పు దగ్గరే మొదలై అక్కడే ఆగిపోదు. భూగర్భ గనిలో షిఫ్టు మొదట, పని పర్యవేక్షించే సర్దారు చేసే పనుల్లో ఒకటి, పైకప్పును కర్రతో తట్టి చూడటం. గోదావరి లోయ బొగ్గు పొరలు పాతిక కోట్ల ఏళ్ళకు పైబడినవి, వాటిమీద ఎక్కువచోట్ల ఇసుకరాయి ఉంటుంది. బొగ్గు తీశాక ఆ రాయి తల పైన ఖాళీలో నిలబడాలి. గట్టిగా అతుక్కుని ఉన్న కప్పును తడితే దెబ్బ శక్తి రాతిలోపలికి సాగిపోతుంది, పొడిగా "ఠక్" మంటుంది. కింది పలక పైరాతి నుంచి విడిపోయి ఉంటే, ఆ పలక ఒంటరిగా, సందులో గాలి పెట్టుకుని, డప్పు తోలులాగే ఊగుతుంది. డొల్ల శబ్దం వస్తుంది. కుండ కొనేవాడు వేలితో కొట్టి పగులు పట్టే విద్యే ఇది, తేడా వస్తే పోయేది కుండ కాదు, ప్రాణం. అనుభవం ఉన్నవాళ్ళు ఒక చేత్తో తడుతూ రెండో చేతి వేళ్ళు కప్పుకు ఆనిస్తారు. చెవికి అందని వణుకు వేలికి అందుతుంది. డొల్ల అనిపిస్తే ఊడదీస్తారు లేదా కింద ఆసరా పెడతారు. రూఫ్ బోల్టులు, కొలత పరికరాలు ఎన్ని వచ్చినా ఆ కర్ర పక్కకు పోలేదు. డప్పు కాచేవాడికి బిగుసుకున్న తోలు కావాలి, సర్దారుకు అసలు మోగని కప్పు కావాలి. వినేది ఇద్దరూ ఒకటే.

గాలి పొరల పాఠం కూడా గనికి పాతదే. ఓపెన్‌కాస్టులో పేలుడు జరిపితే నేలలో కంపనం ఒకటి, గాలిలో ఒత్తిడి అల ఇంకొకటి. ఆ అల ఆర్కెస్ట్రా పాటకు పెద్దన్న, అదే చట్టానికి లోబడుతుంది. తెల్లవారుజామున, పొద్దుగూకాక, విలోమం ఉన్న వేళ పేలిస్తే అది వంగి దూరపు ఊరి పెంకులమీద దిగుతుంది. ఎండ ముదిరాక పేలిస్తే చాలావరకు ఆకాశంలోకి పోతుంది. పేలుళ్ళు పగటిపూట జరపడానికి భద్రత మొదటి కారణమే అయినా, ఊళ్ళ చెవులకు దక్కే లాభం కూడా తక్కువేమీ కాదు. గని ప్రణాళిక వేసేవాళ్ళు గాలి వేళను లెక్కలోకి తీసుకుంటారు. పాట కచేరీ పెట్టేవాళ్ళు తీసుకోరు.

ఇక చెవి సంగతి. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు ఒక్కో చెవికి సుమారు పదిహేను వేలు. చచ్చినవి మళ్ళీ పుట్టవు. పెద్ద రొదలో ఏళ్ళపాటు పనిచేస్తే మొదట దెబ్బతినేది 4000 హెర్ట్జ్ దగ్గరి కణాలు. డ్రిల్లు పట్టినవాళ్ళు, బొగ్గు ఎత్తిపోసే ఎస్‌డీఎల్ యంత్రం నడిపినవాళ్ళు, డంపర్ ఆపరేటర్లు రిటైరయ్యే నాటికి "మాట వినపడతది గానీ అర్థం గాదు" అనేది అందుకే. మనవరాలి మాటల్లో హల్లులు వాళ్ళకు అందవు. ఇలాంటి చెవులు ఎక్కువున్న ఊళ్ళో కచేరీ పెడితే ముందు వరసవాళ్ళు "పెంచు, పెంచు" అంటారు. పెంచితే వాళ్ళు పోగొట్టుకున్న పై భాగం రాదు, ఉన్న కింది భాగమే ఇంకా పెరుగుతుంది. కావలసింది మాటలుండే భాగాన్ని ఎత్తి, మంద్రాన్ని దించడం. మన దేశంలో కర్మాగారాల నియమాలు ఎనిమిది గంటల పనికి 90 డెసిబెళ్ళను హద్దుగా పెట్టుకుని, ఆపైన ప్రతి ఐదు డెసిబెళ్ళకూ సమయాన్ని సగం చేస్తాయి. ఆ లెక్కన 105 డెసిబెళ్ళ దగ్గర ఒక్క గంట. పెద్ద పెట్టెలముందు బారికేడ్ పట్టుకుని ఎగిరే పిల్లలు ఆ గంట ఎప్పుడో దాటేస్తారు. ఇంటికొచ్చాక చెవిలో గుయ్యిమనేది ఆ కణాల ఫిర్యాదే. తెల్లారేసరికి అది తగ్గిందంటే ప్రమాదం తప్పిందని కాదు, కొన్ని కణాలు ఈసారికి కోలుకున్నాయని.

చట్టం లేకపోలేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో హద్దు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకులు బంద్. పండుగలకు, సాంస్కృతిక కార్యక్రమాలకు ఏడాదిలో 15 రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. రాత్రి పది అన్న గీత మనుషుల నిద్రను బట్టి గీసిందే అయినా గాలికి కూడా అచ్చంగా అతికింది. సడలించిన ఆ రెండు గంటలే విలోమం గట్టిపడే వేళ.

కొలిచే పద్ధతిలోనే నాకు పేచీ. బహిరంగ స్థలంలో మైకు పెడితే ఆ స్థలం సరిహద్దు దగ్గర కొలవాలని నియమం. సరిహద్దు దగ్గర ఏడింటికీ పదకొండింటికీ అంకె దాదాపు ఒకటే. మారేది కిలోమీటరు అవతల. పైగా మీటరు చూపే అంకె మనిషి చెవికి తగ్గట్టు సవరించినది. 125 హెర్ట్జ్ దగ్గర అది 16 డెసిబెళ్ళు, 63 హెర్ట్జ్ దగ్గర 26 డెసిబెళ్ళు తగ్గించి లెక్కిస్తుంది. అంటే గాలి వదిలిపెట్టి క్వార్టర్ల దాకా మోసుకెళ్ళే మంద్రాన్నే మీటరు అన్నిటికంటే తక్కువగా పట్టించుకుంటుంది. కాకా తగువు తీరాలంటే మీటరు పట్టుకుని గేటు దగ్గర కాదు, ఊరి చివర డాబా ఎక్కాలి, పదకొండింటికి, సవరణ లేని అంకె చూడాలి. మైక్ సెట్ తమ్ముడు తొమ్మిది దాటాక మంద్రం మీట ఒక్కటి సగానికి దించి, రెండు పెద్ద పెట్టెల బదులు జనం మధ్యలో చిన్నవి నాలుగైదు కిందికి వంచి కడితే, ముందు వరసలో ఎవరూ తేడా కనిపెట్టరు.